నాలుగో వారం ఫోటో

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక వానాకాలం మొదట్లో, మా ఆసుపత్రి నాకొక అదనపు పని అప్పగించింది. మేడ్చల్ దగ్గర హైవేకు కాస్త లోపలగా ఉన్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే ఆసుపత్రి మాది. శామీర్‌పేట, నాగారం, గండిమైసమ్మల్లో దానికి చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఆ కేంద్రాల్లో పనిచేసే నర్సులకు గాయాలను ఫోటో తీయడం నేర్పాలన్నది నాకు వచ్చిన ఉత్తర్వు.

మెడికల్ కాలేజీల్లో ఆర్టిస్టు, మోడలర్, ఫోటోగ్రాఫర్ అని మూడు పాత పోస్టులుంటాయి. ఆర్టిస్టు శరీర భాగాల బొమ్మలు గీస్తాడు, మోడలర్ మైనంతో, ప్లాస్టర్‌తో నమూనాలు చేస్తాడు. నేను చేరేనాటికే మొదటి రెండూ ఖాళీ అయ్యాయి, మళ్లీ ఎవరినీ తీసుకోలేదు. మిగిలింది నేను. హోదా సీనియర్ ఫోటోగ్రాఫర్. విభాగమంతా కలిపి ఒక గది, ఒక కంప్యూటరు, ఒక బీరువా. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రోగి శరీర భాగాన్ని ఫోటో తీసి భద్రపరచడం నా పని. పరిచయమైన కొత్తవాళ్లు నన్ను ఎక్స్‌రే తీసేవాడిననుకునేవారు. పెళ్లి ఫోటోలు తీస్తారా అని అడిగినవాళ్లూ ఉన్నారు.

మా వృత్తిలో ఒక ఫోటోకు విలువ దాని పక్కన రెండో ఫోటో పెట్టినప్పుడే తెలుస్తుంది. ఈ నెల గాయం, వచ్చే నెల గాయం పక్కపక్కన పెట్టి చూస్తే మారినది గాయమే కావాలి. వెలుతురు, దూరం, కోణం మారకూడదు. నేను వాడింది మాక్రో లెన్స్ పెట్టిన పెద్ద కెమెరా. దగ్గరగా ఉన్న వస్తువును ఆకారం చెడకుండా తీసే లెన్సును మాక్రో అంటారు. లెన్సు చుట్టూ గాజులా తొడిగే గుండ్రటి ఫ్లాష్ ఒకటి. దానివల్ల గాయం మీద నీడ పడదు.

కేంద్రాలకు ఇంత సరంజామా ఇవ్వలేం. జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరాలు కొనిపించాను. ఎవరి చేతిలో చూసినా ఫోన్ ఉండగా ఇవెందుకని స్టోర్స్ అధికారి రాసి అడిగారు. ఫోను తనకు తోచినట్టు రంగులు మారుస్తుంది, చిన్న కెమెరాలో మనం పెట్టిన అమరిక పెట్టినట్టు ఉంటుంది అని జవాబు రాశాను. అమరికలన్నీ నేనే సరిచేసి, అనుకోకుండా చెయ్యి తగిలి మారిపోకుండా ఆ బటన్ల మీద తెల్ల టేపు అంటించి పంపాను.

నర్సులకు ఒకరోజు శిక్షణ. కెమెరా ఎన్నడూ పట్టనివాళ్లకు నేను చెప్పిన సంగతులు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకూ పనికొస్తాయి. లెన్సును చీర కొంగుతో తుడవకండి, మెత్తటి పొడిగుడ్డ వాడండి. గాయం పెద్దగా కనపడాలని మీదికి వంగిపోకండి. ప్రతి లెన్సుకూ అంతకన్నా దగ్గరికెళితే చూపు మసకబారే హద్దు ఒకటుంటుంది. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు, అది ఉన్న బొమ్మను సాగదీస్తుందే తప్ప కొత్తగా ఏదీ చూపించదు. ట్యూబులైటు కన్నా కిటికీ వెలుతురు మేలు. రెండూ కలిపితే చర్మం రంగు రెండు రకాలుగా వస్తుంది. కింద ఆకుపచ్చ గుడ్డ పరచండి. గాయం పక్కన కొలత పట్టీ పెట్టండి. మొదట పాదమైతే పాదం మొత్తం, తర్వాత గాయం, ఆ తర్వాత పట్టీతో కలిపి దగ్గరగా — మూడు ఫోటోలు. నచ్చలేదని ఏదీ చెరిపేయకండి.

ఆ నర్సుల్లో స్వరూప ఒకతె. ఇల్లు గుండ్లపోచంపల్లిలో, పని శామీర్‌పేట కేంద్రంలో. మొదటి వారం ఆమె పంపినవన్నీ మసకగా ఉన్నాయి. పిలిపించి అడిగితే, "సార్, నేను జర నొక్కంగనే అది టక్కున తీసేస్తాంది. సగం నొక్కి ఆగుమన్నరు గదా, నా ఏలు ఆగుతలేదు" అంది.

షట్టర్ బటన్‌ను సగం నొక్కితే కెమెరా చూపు కుదుర్చుకుంటుంది, పూర్తిగా నొక్కితే ఫోటో తీస్తుంది. మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఆ మధ్య ఆగడం దగ్గరే తడబడతారు. మాత్రల అట్ట వెనక ఉండే సన్నటి అక్షరాలను రోజూ తీస్తూ ఉండమని చెప్పాను. ఆమె వదలకుండా తీసింది. నెల తిరిగేసరికి మూడు కేంద్రాల్లోనూ ఆమె ఫోటోలే నాకు తక్కువ పని పెట్టేవి.

అంజిరెడ్డి ఆ కేంద్రానికి వచ్చిన రోగి. యాభై దాటిన మనిషి, భారీ శరీరం. ఒకప్పుడు వ్యవసాయం; ఇప్పుడు శామీర్‌పేట అవతల ప్లాట్లు చేసి అమ్మే వ్యాపారం. తన వెంచర్‌లో రోడ్డు వేయిస్తూ దగ్గర నిలబడితే వేడి తారు కుడిపాదం మీద పడింది. షుగరున్న ఒళ్లు కనుక గాయం మానలేదు. మా ప్లాస్టిక్ సర్జరీ విభాగాధిపతి డాక్టర్ మాధవి అతని తొడ నుంచి పలచటి చర్మం తీసి పాదం మీద అతికించారు. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. అతికించిన చర్మం కింది కండను పట్టుకునేదాకా కదలిక తగ్గించాలి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. అంజిరెడ్డికి కుదరని పని అదొక్కటే. వార్డులో ఉన్నన్నాళ్లూ అతని రెండు ఫోన్లు మోగుతూనే ఉండేవి. నేను ఫోటోకు వెళితే, "జల్దీ గానియ్యి సారూ, పార్టీలు ఎదురుచూస్తుండ్రు" అనేవాడు. ఫోటోకు తొందరేమిటో నాకు అర్థమయ్యేది కాదు. అతని పక్కన కాసేపుంటే నాకూ ఊరికే గడియారం చూసుకోవాలనిపించేది.

డిశ్చార్జి అయ్యాక వారం వారం శామీర్‌పేట కేంద్రంలో కట్టు మార్పించుకుని ఫోటో తీయించుకోవాలని అతనికి చెప్పారు. బుధవారం సాయంత్రానికి అన్ని కేంద్రాల ఫోటోలూ కంప్యూటరులో చేరాలి. గురువారం మధ్యాహ్నం డాక్టర్ మాధవి వాటిని చూసి నిర్ణయాలు చెబుతారు. ఈలోగా నేను వాటిని సరిచూసి, పనికిరానివి ఉంటే మళ్లీ తీయమని తిప్పి పంపుతాను. మొదటి మూడు వారాలూ అంజిరెడ్డి ఫోటోలు చక్కగా వచ్చాయి. అతికించిన చర్మం గులాబి రంగులో, అంచులు శుభ్రంగా ఉన్నాయి.

నాలుగో వారం ఫోటో ఒకటే వచ్చింది, మూడు కాదు. ఆ బుధవారం అంజిరెడ్డే డాక్టరుగారికి ఫోన్ చేసి, నడవొచ్చా, పనులు ఆగిపోతున్నాయని ప్రాణం తీశాడట. ఆమె రెండు ఆపరేషన్ల మధ్య తన ఫోన్‌లోనే ఆ ఫోటో తెరిచి చూసి, బాగానే ఉంది, ఇంట్లో మెల్లగా నడవండి అన్నారు. గురువారం పొద్దున నేను నా గదిలో పెద్ద తెర మీద దాన్ని తెరిచేసరికి ఆ మాట అయిపోయి ఉంది.

ఫోటో శుభ్రంగా ఉంది. అదే నన్ను నిలవనివ్వలేదు. కొలత పట్టీ లేదు, ఆకుపచ్చ గుడ్డ లేదు, అవి మరిచిపోయారనుకోవచ్చు. పాదం మీది వెంట్రుకలు ఏమయ్యాయి? చర్మం మీద సన్నటి గీతలుండాలి, అవీ లేవు. మైనంతో చేసినట్టు నున్నగా మెరుస్తోంది. లేచి కిటికీ దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నాను. పక్కన మూడో వారం ఫోటో తెరిచి పెట్టాను. అప్పుడు కనిపించింది. మూడో వారం ఫోటోలో బొటనవేలు ఎడమవైపు ఉంది. నాలుగో వారంలో కుడివైపు ఉంది. నా ముందున్నది ఎడమకాలు.

అంజిరెడ్డి ఎడమకాలికి గాయమే లేదు. ఫోటోలో మాత్రం అతికించిన చర్మం దాని మీదే ఉంది.

ముందు వైపు కెమెరాతో తీస్తే, అంటే మన మొహం మనం తీసుకునే కెమెరాతో తీస్తే, కొన్ని ఫోన్లు అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు మార్చి దాచుకుంటాయి. అదే కెమెరా మొహాలను అందంగా చూపించడానికి మచ్చలు, ముడతలు అడగకుండానే చెరిపేస్తుంది. ఇది స్వరూప కెమెరాతో తీసింది కాదు.

ఆమెకు ఫోన్ చేశాను. ఈ ఫోటో ఎవరు తీశారని అడిగాను.

"సార్, నిజం చెప్త" అంది. "ఆయన మంగళారం రాలె, బుధారం రాలె. ఫోన్ జేస్తే ఇగొస్తున్న, అగొస్తున్న అనుడే. సాయంత్రం ఆయనే ఫోన్ల ఫోటో పంపిండు. ఖాళీగ ఉంచితే సంజాయిషీ అడుగుతరని గదే పెట్టిన."

ఆమె భయానికి కారణం ఉంది. ఏ కేంద్రం నుంచైనా ఒక వారం ఫోటో రాకపోతే, నెలాఖరు సమీక్షలో ఆ కేంద్రం పేరు ఎర్రరంగులో కనిపించేది. ఎందుకు రాలేదని నర్సు రాతపూర్వకంగా జవాబివ్వాలి. తప్పు ఫోటో వస్తే మాత్రం ఆ పేరు పచ్చరంగులోనే ఉండేది.

ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి డాక్టర్ మాధవికి కబురు పంపాను. మాస్కుతోనే తలుపు దాకా వచ్చారు. చెప్పిందంతా విని ఆమె అడిగింది ఒక్కటే. "రామచంద్రం గారూ, ఫోటో సరైంది కాదంటున్నారు. సరే. గాయం చెడిందని కూడా అంటున్నారా?"

"అది నేను చెప్పలేను డాక్టర్. ఈ ఫోటోతో బాగుందని చెప్పలేం, చెడిందనీ చెప్పలేం."

"అయితే మూడో వారం తర్వాత ఆ కాలు మనమెవరం చూడలేదన్నమాట. నడవమని కూడా చెప్పాను." ఆమె గోడ గడియారం వైపు చూశారు. "నేను కదలలేను, లోపల మనిషి బల్ల మీద ఉన్నాడు. మీరు వెళ్లి పట్టుకోండి. సరైన ఫోటో తీసి పంపండి, ఏంచేయాలో చెబుతాను."

అంజిరెడ్డి రెండు నంబర్లూ బిజీ వచ్చాయి. మళ్లీ చేశాను, మళ్లీ బిజీ. ఆసుపత్రి వ్యాన్‌లో కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని బయల్దేరాను. అవుటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద గోదాముల లారీలు బారులు తీరి ఉన్నాయి. మబ్బు కమ్ముతోంది. వెలుతురు తగ్గిపోతే ఆరుబయట ఫోటో ఎలా తీయాలన్న ఆలోచన ఒకవైపు. నా అనుమానం వట్టిదై, ఆ కాలు నిజంగానే బాగుంటే, వ్యాన్ తీసుకుని ఊరంతా తిరిగి ఇంతమందిని కంగారు పెట్టినందుకు ఏం చెప్పాలన్న ఆలోచన ఇంకొకవైపు. డ్రైవరును రెండుసార్లు తొందరపెట్టాను. అతను అద్దంలోంచి నా వైపు చూసి, "సార్, ముంగట లారీ ఉంది, మీద నుంచి పోనియ్యమంటరా?" అన్నాడు. తర్వాత నోరు మూసుకున్నాను.

శామీర్‌పేటలో స్వరూపను ఎక్కించుకున్నాం. ఏడ్చినట్టుంది, కానీ డ్రెస్సింగు సామాన్ల సంచి, ఆకుపచ్చ గుడ్డ, కొలత పట్టీ అన్నీ సర్దుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. కెమెరా కూడా తెచ్చిందా అని అడిగాను. తెచ్చింది, చార్జి నిండుగా ఉంది.

అంజిరెడ్డి ఇల్లు రోడ్డుకు దగ్గరే. అతని భార్య అండాలు వాకిట్లోకి వచ్చింది. మమ్మల్ని చూసి, మా వెనకాల వ్యాన్‌ను చూసి ఆమె మొహం మారింది.

"ఏమైంది సారూ? నేను జెప్తనే ఉన్న, కట్టు ఇప్పితే వాసనొస్తాందని. ఇంటడా? డాక్టరమ్మే నడువుమన్నదని పొద్దుగాల బూట్లేసుకొని పోయిండు."

"బూట్లా?" అంది స్వరూప.

"ఔ బిడ్డా. పార్టీలొస్తున్నరట, కట్టు కనవడితే మంచిగుండదట. నొప్పి లేదంటడు. నొప్పి లేకుంటే గా వాసనేంది?"

డాక్టరుగారు ఇంట్లో నడవమన్నారు. అతనికి నడవమన్న మాటే వినిపించింది. షుగరు ముదిరినవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. కింద మేకు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదన్న మాటకు వాళ్ల విషయంలో అర్థం లేదు. ఇది నాకు ఫోటోలు తీస్తూ తీస్తూ డాక్టర్ల మాటల వల్ల తెలిసింది. అండాలు చెప్పిన దారి పట్టుకుని వెంచర్ వైపు పోనిచ్చాం.

వెంచర్ అంటే నాలుగువైపులా రాళ్లు పాతిన బీడు, మధ్యలో ఎర్రమట్టి రోడ్లు, గేటు దగ్గర రంగుల జెండాలు. కారు దిగిన ఒక కుటుంబానికి అంజిరెడ్డి చెయ్యి చాపి హద్దులు చూపిస్తున్నాడు. కంకర మీద నల్లబూట్లతో నడుస్తున్నాడు. కుంటడం కూడా లేదు. అతన్ని అలా చూడగానే నా మనసు ఒక్కసారి తేలికైంది. ఆ వెంటనే, కుంటకపోవడమే భయపడాల్సిన సంగతని గుర్తొచ్చింది.

నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏంది సారూ, ప్లాటు జూడనీకి వచ్చిండ్రా?"

కాలు ఒకసారి చూడాలన్నాను. ఫోటో పంపానుగా అన్నాడు. ఆ ఫోటో పనికిరాదని చెప్పాను.

"పనికిరాదా? మస్తుగొచ్చింది సారూ! వంగనీకి రాదు నాకు, పొట్ట అడ్డమొస్తది. అందుకే ముంగటి కెమెరా పెట్టి, ఫోను కిందికి పట్టి, అద్దంల జూసినట్టు జూసుకుంట తీసిన. గంత సాఫ్‌గ మీ సిస్టరమ్మ గూడ తియ్యలె. డాక్టరమ్మ గూడ ఓకే అన్నది." కారు దగ్గరున్న వాళ్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క అర్ధగంట ఆగుండ్రి. అడ్వాన్సు మాట అయినంక నేనే వస్త."

వాదించి లాభం లేదనిపించింది. అతని ఫోన్ ఒకసారి ఇమ్మన్నాను. ఇచ్చాడు. ముందు కెమెరా తెరిచి నా మొహాన్నే ఫోటో తీసి అతనికి చూపించాను. నాకు అప్పటికి యాభై ఆరు. కళ్ల కింద సంచులు, నుదుటి మీద గీతలు, ఎడమ చెంప మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చలు. ఫోటోలో అవేవీ లేవు.

అతను ఫోటో చూశాడు, నన్ను చూశాడు. "పెండ్లికొడుకు లెక్కున్నవ్ సారూ" అని పెద్దగా నవ్వాడు.

"నా మచ్చలెటు పోయినయ్ అంజిరెడ్డీ?" అన్నాను.

అతని నవ్వు మెల్లగా ఆగింది. ఫోన్ తీసుకుని తన పాదం ఫోటో తెరిచాడు. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే నడుచుకుంటూ వెళ్లి వ్యాన్ వెనక మెట్టు మీద కూర్చున్నాడు.

బూటు స్వరూప విప్పింది. మేజోడు కట్టుకు అంటుకుపోయింది. సెలైన్ పోసి తడిపి, తొందరపడకుండా విడదీసింది. ఆ వాసనకు నేను ఒక అడుగు వెనక్కి వేశాను, ఆమె కదల్లేదు. ఆకుపచ్చ గుడ్డ పరిచి పాదాన్ని దాని మీద పెట్టింది. చినుకులు మొదలవబోతున్నాయి. వ్యాన్ వెనక తలుపు ఎత్తితే కింద నీడ సమంగా పడింది. మబ్బు పట్టిన వెలుతురు గాయానికి మంచిది, గట్టి నీడలుండవు. నా పెద్ద కెమెరా సంచిలోనే ఉంది. తీయబోయి ఆగి, "నువ్వే తియ్యి, పాత మూడు వారాలూ నీ కెమెరావే. పోల్చడానికి అదే కావాలి" అన్నాను.

స్వరూప తన కెమెరా అందుకుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని ఊపిరి బిగబట్టింది. చేతిలో కెమెరా కదలకుండా ఉండడానికి నేను నేర్పినదే. సగం నొక్కి ఆగింది. తీసింది. పాదం మొత్తం, గాయం, పట్టీతో దగ్గరగా. మూడూ మొదటిసారికే స్పష్టంగా వచ్చాయి.

చిటికెనవేలూ దాని పక్కవేలూ మొదలు దాకా నల్లబడి ఉన్నాయి. అతికించిన చర్మం ఆ వైపు సగం దాకా బూడిదరంగుకు తిరిగింది. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఆ వేళ్లు అంచుకు పోయి సగం తెగిపోయాయి, మిగిలిన నలుపును ఫోను నున్నగా పూసేసింది.

అంజిరెడ్డి వంగలేడు కనుక తన కాలు తనకు సరిగా కనిపించదు. కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి అతనికి చూపించాను. చూపించాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించిన మాట నిజమే. అతను చాలాసేపు చూశాడు.

"నొప్పెందుకు లేదు సారూ?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు. కెమెరా కార్డు తీసి నా చిన్న ల్యాప్‌టాప్‌లో పెట్టి మూడు ఫోటోలూ డాక్టరుగారికి పంపాను. సిగ్నలు నిలవక రెండోది సగంలో ఆగిపోయింది. ఆ ఎర్రమట్టి రోడ్డు మీద ల్యాప్‌టాప్ పట్టుకుని గేటు దాకా నడిచాను. జెండాల కింద మూడోది కూడా వెళ్లింది. ఆమె ఫోన్ వెంటనే వచ్చింది. ఇంటికి కూడా వెళ్లనివ్వకుండా నేరుగా తీసుకురమ్మన్నారు. ఏమీ తిననివ్వొద్దు, నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు.

తీరా బయల్దేరే ముందు అంజిరెడ్డికి మళ్లీ పాత ఆరాటం పట్టుకుంది. కారు దగ్గరున్న వాళ్లతో ఒక్క మాట చెప్పి వస్తానని లేవబోయాడు. స్వరూప అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"సారూ, మీరు రానప్పుడు రాలేదని నేను రాసుంటే ఇయ్యాల ఇంత దూరం రాకపోవు. మీ మాటిని నేను ఆగమైన. ఇంకోసారి ఇనను. కాలు కింద పెట్టకుండ్రి."

అతను కాలు వ్యాన్ లోపలికి తీసుకున్నాడు. వ్యాన్ కదిలాక భార్యకు తనే ఫోన్ చేశాడు. వాన మమ్మల్ని సర్వీసు రోడ్డు మీద పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. గ్రాఫ్ట్ సగం పోయింది. చీము తగ్గాక రెండోసారి చర్మం అతికించారు. పాదం నిలిచింది. ఇంకో నాలుగు రోజులు ఆ బూట్లతో తిరిగి ఉంటే ఏమయ్యేదని తర్వాత డాక్టర్ మాధవిని అడిగాను. అలాంటి లెక్కలు తను వేయనని చెప్పి, మరునిమిషంలో, మోకాలి కింద దాకా వెళ్లేదేమో అన్నారు. నాలుగు రోజుల ముందే తెలిసి ఉంటే ఆ రెండు వేళ్లు కూడా మిగిలేవేమోనని నేను అనుకున్నాను, ఆమెను అడగలేదు.

స్వరూప మీద చర్య తీసుకోవాలని సూపరింటెండెంట్ కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. నా అభిప్రాయం కూడా అడిగారు. సొంతంగా తీయని ఫోటోను తను తీసినట్టు పెట్టడం తప్పేనని రాశాను. దాని కిందే, రాని ఫోటోకు శిక్ష వేసి, తప్పు ఫోటోకు శిక్ష లేని పద్ధతి పెడితే ఏ కేంద్రంలోనైనా ఇదే జరుగుతుందని కూడా రాశాను. డాక్టర్ మాధవి నా మాటతో ఏకీభవించి సంతకం చేశారు. స్వరూపకు నోటిమాటగా హెచ్చరిక చేసి వదిలారు. ఆ తర్వాత వారపు ఫోటో స్థానంలో "ఫోటో రాలేదు" అని పెట్టి కారణం రాసే వీలు కల్పించారు. అలా పెట్టిన రోగికి అదే రోజు ఇంటికి ఫోన్ చేయడం, అవసరమైతే మనిషిని పంపడం నియమమైంది. సమీక్షలో ఎర్రరంగు తీసేశారు.

అంజిరెడ్డి ఆ తర్వాత ప్రతివారం తప్పకుండా కేంద్రానికి వచ్చాడు. వచ్చి కూర్చోగానే జల్దీ అనడం మాత్రం మానలేదని స్వరూప చెప్పేది. ముందు వెడల్పుగా ఉన్న బూట్లు కుట్టించుకుని, మళ్లీ ప్లాట్లు అమ్ముకుంటున్నాడు.

ఆ ఏడాది తర్వాత నేను మరో రెండు బృందాలకు శిక్షణ ఇచ్చాను. సగం నొక్కి ఆగడం, వెలుతురు, కొలత పట్టీ అన్నీ నేర్పాను. వాటికంటే ముందు, పొద్దున మొదటి గంటలో, ఫోటో తీయలేకపోతే తీయలేదని ఎలా రాయాలో నేర్పాను. వైద్యంలో ఫోటో లేకపోతే డాక్టరు రోగిని చూడటానికి ప్రయత్నిస్తారు. నమ్మదగని ఫోటో ఉంటే చూసేశాననుకుంటారు. ఈ రెంటిలో రెండోది ఎక్కువ ప్రమాదకరమని నాకు ఆ గురువారం తెలిసింది.